చైనాటౌన్‌లో బేకరీకి వెళ్లాలా, డిమ్ సమ్ హోటల్‌కి వెళ్లాలా? ముందు పక్కన ఎవరున్నారో చూసుకోండి

శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి మా అమ్మని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు జరిగిందిది. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి అప్పటికి పది రోజులు. ఒక చిన్న షాపులో అద్దం వెనక ట్రేల్లోంచి పొగలు లేస్తున్నాయి. ఒక ట్రేలో చదరంగా కోసి, రెండు వైపులా ఎర్రగా కాల్చిన తెల్లటి ముక్కలు. "దిబ్బరొట్టెలా ఉందిరా" అంది అమ్మ. అడిగితే టర్నిప్ కేక్ అన్నారు. టర్నిప్ అంటే దుంపే కదా అనుకుని, అయినా అనుమానం తీరక "వెజిటేరియనేనా?" అన్నాను. కౌంటర్‌లో పెద్దావిడ "వెజిటబుల్, వెజిటబుల్" అని గట్టిగా తలూపింది.

అమ్మ రెండు ముక్కలు తిన్నాక మూడోదాన్ని విరిచి చూస్తే మధ్యలో కందిగింజంత గులాబీ పలుకులు కనిపించాయి. చైనీస్ సాసేజ్, అంటే పంది మాంసం. పక్కనే ఎండు రొయ్యల పొట్టు. అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. వెళ్లి నోరు పుక్కిలించుకొచ్చింది. ఆ రోజు రాత్రి దాకా కాఫీ తప్ప ఏదీ ముట్టలేదు. కౌంటర్ పెద్దావిడ అబద్ధం చెప్పిందని నేననుకోను. అది కూరగాయతో చేసిందేనా అని అడిగాననుకుంది. చేసింది ముల్లంగితోనే మరి. బియ్యప్పిండిలో ముల్లంగి తురుము కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి, పెనం మీద కాలుస్తారు. సాసేజ్, రొయ్యలు వాళ్లకి పోపు లెక్క.

ఆ తర్వాత అక్కడికి చాలాసార్లు వెళ్లాను. పిల్లలతో, ఆఫీసువాళ్లతో, మాంసం ముట్టని మామగారితో, ఏదైనా తినే తమ్ముడితో. ఒక్కొక్కరికీ ఒక్కో చోటు కుదిరింది. "చైనాటౌన్‌లో ఎక్కడ తినాలి" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది "ఎవరితో వెళ్తున్నారు" అనే.

## ముందు చూసుకోవాల్సినవి

మీరు తిననిది ఏమిటి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. డిమ్ సమ్ అంటే టీతో పాటు తినే చిన్న చిన్న వంటకాలు. ఇక్కడి బేకరీలు, డిమ్ సమ్ హోటళ్లు ఎక్కువగా దక్షిణ చైనా కాంటన్ పద్ధతివి. పందిమాంసం, రొయ్య వాళ్ల వంటకి వెన్నెముక. మాంసం పైకి కనిపిస్తే సమస్య లేదు, తినం అని పక్కన పెట్టేస్తాం. ఇబ్బందంతా కనిపించనిదాంతోనే: పిండిలో కలిపే పంది కొవ్వు, ఆకుకూర మీద పోసే ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల రసంతో చేసేది), కూరగాయల మధ్య ఇరికించిన రొయ్య.

కూర్చోవాలా, నిలబడినా పర్లేదా. బేకరీల్లో చాలావాటికి కుర్చీలుండవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఎంతమంది. డిమ్ సమ్ బుట్టలో మూడో నాలుగో ముక్కలొస్తాయి. ఇద్దరే వెళ్తే నాలుగు రకాలకే కడుపు నిండిపోతుంది. ఆరుగురు వెళ్తే పన్నెండు రకాలు రుచి చూడొచ్చు. బేకరీకి ఈ బాధ లేదు, ఒక్కరు వెళ్లి ఒక్క బన్ను కొనుక్కున్నా ఎవరూ ఏమీ అనరు.

టైము. డిమ్ సమ్ పొద్దుటి తిండి. మధ్యాహ్నం రెండు దాటాక చాలాచోట్ల మిగిలినవే పెడతారు. శని, ఆదివారాలు పదకొండు దాటితే లైను తప్పదు.

డబ్బు గురించి ఒక్క మాట: చిన్న షాపుల్లో చాలావరకు నోట్లే తీసుకుంటారు. కార్డు, ఫోను నమ్ముకుని వెళ్తే లైను చివరికొచ్చాక ఏటీఎం వెతుక్కోవాలి.

| | పాత బేకరీ | పట్టుకెళ్లే కౌంటర్ | పెద్ద డిమ్ సమ్ హాలు | చిన్న టీ రూమ్ |
|---|---|---|---|---|
| ఏం బాగుంటుంది | ఎగ్ టార్ట్, బన్నులు, మూన్‌కేక్ | ఆవిరి బావ్‌లు (లోపల కూరిన బన్నులు), డంప్లింగ్‌లు (లోపల కూరిన పిండి మూటలు) | అన్ని రకాలూ, వేడివేడిగా | కొన్ని రకాలు, తీరిగ్గా |
| కూర్చోవడం | సాధారణంగా ఉండదు | ఉండదు | ఉంటుంది, వీకెండ్ ఎదురుచూడాలి | ఉంటుంది, ఇరుకు |
| ఖర్చు | తక్కువ | అన్నిటికంటే తక్కువ | ఎక్కువ, టీకి మనిషికింతని వేస్తారు | మధ్యస్థం |
| పూర్తి శాకాహారికి | కష్టం | చాలా కష్టం | అడిగి చేయించుకోవచ్చు | అడగొచ్చు |
| గుడ్డు తినేవాళ్లకి | కొవ్వు సంగతి తేల్చుకుంటే బాగుంటుంది | కొద్దిగా | పర్లేదు | పర్లేదు |
| ఎంతమందికి | ఒకరు, ఇద్దరు | ఒకరు, ఇద్దరు | నలుగురి నుంచి పదిమంది | ముగ్గురు, నలుగురు |

## పాత బేకరీ

గ్రాంట్ అవెన్యూ మీద ఈస్టర్న్ బేకరీ 1924 నుంచి ఉంది. చైనాటౌన్‌లో అన్నిటికంటే పాత బేకరీ తమదేనని బోర్డు మీదే రాసుకున్నారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన క్లింటన్ వచ్చి వెళ్లిన ఫోటో పెట్టుకున్నారు. ఇక్కడ జనం కొనేది మూన్‌కేక్‌లు, కాఫీ క్రంచ్ కేకు. రెండోది చైనా వంటకం కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో వంటకం. అయినా నాకు అదే ఇష్టం. మూన్‌కేక్ మాత్రం మన నోటికి మొదటిసారి బరువుగానే ఉంటుంది. తామర గింజల ముద్ద, మధ్యలో ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొన. నలుగురికి ఒక్కటి కొని, ఎనిమిది ముక్కలు కోసి, చక్కెర లేని టీతో తినాలి. ఒక్కరే మొత్తం తినాలని చూడకండి.

అదే వీధిలో గోల్డెన్ గేట్ బేకరీ పేరు ఎగ్ టార్ట్‌తో మోగిపోయింది. కాంటనీస్‌లో దాన్ని డాన్ టాట్ అంటారు. ఈ షాపు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు సెలవు పెడతారో ఎవరికీ తెలియదని ఊరంతా జోకులేసుకుంటారు. ఇవాళ తెరిచారా లేదా చెప్పడానికే ఎవరో ఒక పేజీ కూడా పెట్టారు. దానికోసమే ప్రయాణం పెట్టుకోకండి. తెరిచి ఉంటే అదృష్టం అనుకోండి.

ఎగ్ టార్ట్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి పొరలు పొరలుగా విడిపోయే పిండి గిన్నెది, ఇంకోటి బిస్కట్‌లా గట్టిగా ఉండేది. పొరలది ఓవెన్ నుంచి రాగానే తినాలి. చేతిలో పెట్టుకుంటే మధ్యలో పసుపు సొన ఇంకా వణుకుతూ ఉంటుంది. కొరికితే పొరలు చొక్కా మీద రాలతాయి. తీపి మన జున్ను కంటే తక్కువే, వాసన మాత్రం గుడ్డుదే. అరగంట ఆగితే అడుగు మెత్తబడిపోతుంది. బిస్కట్ రకం అయితే ఇంటికి పట్టుకెళ్లినా తట్టుకుంటుంది.

ఇప్పుడు కొవ్వు సంగతి. పొరల పిండికి పాత పద్ధతి పంది కొవ్వే. ఇప్పుడు కొందరు వెన్న, కొందరు వనస్పతి లాంటివి వాడుతున్నారు. షాపుని బట్టి మారుతుంది, చూసి చెప్పలేం. లో పో బెంగ్ అని ఇంకోటి ఉంది. "పెళ్లాం కేకు" అని అర్థం. మడత కాజా పొరల్లాంటి పైపెంకు, లోపల బూడిద గుమ్మడి తీపి ముద్ద. పేరు విని, లోపలిది చూసి నూటికి నూరుపాళ్లు శాకాహారం అనుకుంటాం. దాని పొరలూ పంది కొవ్వుతో చేసే అలవాటే. హలాల్ పాటించేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో ఉచ్చు కర్రీ పఫ్. ఇరానీ కేఫ్‌లో ఎగ్ పఫ్ తిని పెరిగినవాళ్లకి ఆ పేరు వింటేనే ప్రాణం లేచొస్తుంది. చైనీస్ బేకరీ కర్రీ పఫ్‌లో ఎక్కువగా ఉండేది బీఫ్.

మరి హాయిగా తినగలిగేవి? గాయ్ మేయ్ బావ్ అడగండి. పేరుకి "కోడితోక బన్ను", లోపల కోడీ ఉండదు, తోకా ఉండదు, తీపి కొబ్బరి. మన దిల్‌ఖుష్‌కి మేనత్త కూతురు అనుకోవచ్చు. హాంకాంగ్‌లో ముందురోజు మిగిలిపోయిన బన్నుల్ని వృథా పోనివ్వకుండా నలిపి, చక్కెర కలిపి లోపల పెట్టడంతో ఇది మొదలైందంటారు. బో లో బావ్ అంటే పైనాపిల్ బన్ను, అందులోనూ పైనాపిల్ ఉండదు. పైన చక్కెర పెంకు పగిలి పైనాపిల్ తొక్కలా కనిపిస్తుందని ఆ పేరు. రెండిట్లోనూ గుడ్డు ఉంటుంది, కొవ్వు ఏమిటో మాత్రం అడిగి తెలుసుకోండి.

## పట్టుకెళ్లే కౌంటర్

స్టాక్‌టన్ వీధిలో గుడ్ మాంగ్ కాక్ దీనికి మంచి ఉదాహరణ. పేరులో బేకరీ అని ఉంటుంది కానీ జనం లైను కట్టేది ఆవిరి ట్రేల కోసం. హా గావ్ అంటే రొయ్య డంప్లింగ్, సియు మాయ్‌లో పందిమాంసం, రొయ్య రెండూ ఉంటాయి, చా సియు బావ్‌లో తియ్యగా కాల్చిన పందిమాంసం. అన్నీ గులాబీ రంగు డబ్బాలోనో, తెల్ల డబ్బాలోనో పెట్టి చేతికిచ్చేస్తారు. ఏదైనా తినేవాళ్లకి డబ్బుకి తగ్గ తిండి ఇక్కడే. మా తమ్ముడిని తీసుకెళ్తే డబ్బా ఇంటిదాకా రాలేదు.

లైనులో మీ వంతు రాకముందే ఏం కావాలో తేల్చుకోండి. వెనక బామ్మలు తొందరపెడతారు. అందులో తప్పు లేదు, వాళ్లకిది రోజూ టిఫిన్ కొట్టు. వేలితో చూపించి, ఎన్ని కావాలో వేళ్లతోనే చెప్పండి. "ఇందులో ఏమేం వేస్తారు" అని ఆరా తీసే చోటు కాదిది. అందుకే శాకాహారులకి నేనిది వద్దంటాను. నువ్వుల ఉండ ఒక్కటి కొంతవరకు నయం. జిన్ డోయ్ అంటారు. జిగురు బియ్యప్పిండి పైపొర, దానికి నువ్వులద్ది నూనెలో వేయిస్తారు, లోపల ఎర్ర చిక్కుడు గింజల పూర్ణం. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ "పూర్ణం బూరెకి నువ్వులు అంటించారేంటి" అంది. కానీ అదే నూనెలో ఇంకేం వేయిస్తారో పట్టించుకునేవాళ్లయితే అదీ వద్దు.

డబ్బా పట్టుకుని ఎక్కడ కూర్చోవాలి? స్టాక్‌టన్ వీధిలోనే ఉత్తరంగా నేరుగా నడిస్తే పది నిమిషాల్లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు వస్తుంది. గడ్డి, బెంచీలు, ఎదురుగా తెల్ల చర్చి. ఎండ ఉన్న రోజున ఏ హోటల్‌కీ తీసిపోదు. పావురాలు మాత్రం వదలవు.

## పెద్ద హాలు

ఇక్కడికొచ్చేది తినడానికి ఎంతో, టీ తాగడానికీ అంతే. కాంటనీస్‌లో డిమ్ సమ్ తినడానికి వెళ్తున్నాం అనరు, యమ్ చా అంటారు, "టీ తాగడం". కూర్చోగానే ఏ టీ అని అడుగుతారు. మల్లెపూల టీ అందరికీ నచ్చుతుంది. బో లేయ్ నల్లగా, మట్టివాసనతో ఉంటుంది, జిడ్డు తిండికి అదే సరి. కెటిల్ ఖాళీ అయితే పిలవక్కర్లేదు, మూత పక్కకి జరిపి పెడితే వేడినీళ్లు పోస్తారు. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టండి, అదే థాంక్స్.

పాత పద్ధతి బండ్లది. ఆవిరి బుట్టలు దొంతరలుగా పేర్చి తోసుకొస్తారు, మూత తీసి చూపిస్తారు, కావాలంటే బల్ల మీద పెట్టి మీ కార్డు మీద ముద్ర వేస్తారు. చిన్నది, మధ్యది, పెద్దది అని సైజు పేరుతో ధరలు. ఇప్పుడు చాలాచోట్ల బండ్లు పోయి, కాగితం మీద టిక్కులు పెట్టి ఇవ్వడం వచ్చింది. పిల్లలకి బండ్లు సరదా. నన్నడిగితే మనలాంటివాళ్లకి కాగితమే మేలు. ఏముందో చదువుకోవచ్చు, వేడిగా చేసి తెస్తారు, అన్నిటికంటే ముఖ్యంగా "ఇందులో ఇది వేయొద్దు" అని చెప్పే అవకాశం ఉంటుంది. జాక్సన్ వీధిలో గ్రేట్ ఈస్టర్న్ ఇలాంటి హోటలే. 2012లో ఒబామా ఇక్కడికొచ్చి పార్సిల్ కట్టించుకుని వెళ్లారు.

మాంసాహారులకి ఇక్కడ కొత్తవి ప్రయత్నించే ధైర్యం వస్తుంది. లో మాయ్ గాయ్ చెప్పండి. "గాయ్" అంటే ఆవు అనుకునేరు, కాంటనీస్‌లో కోడి. జిగురు అన్నం, కోడిమాంసం, సాసేజ్ తామరాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన పనసాకు పొట్టిక్కల్ని గుర్తుచేస్తుంది. కోనసీమవాళ్లయితే కళ్లు మూసుకుని గుర్తుపడతారు ఆ పచ్చి ఆకు వాసనని. బీఫ్ తిననివాళ్లు "న్గావ్" అనే మాట వినబడితే వద్దనండి. ఆవిరి మీద ఉడికించిన మాంసం ఉండల్లోనూ, చెంగ్ ఫన్ అనే బియ్యప్పిండి చుట్టల్లోనూ అది తగులుతుంటుంది. కోడికాళ్లు, అంటే ఫుంగ్ జావ్, బల్ల మీదికి రాగానే పిల్లలు కేకలేస్తారు. పెద్దవాళ్లు తిని చూస్తారు. మా మామగారు మాత్రం ఆ బుట్టకి మూత పెట్టించారు.

శాకాహారులకి ఇక్కడ అక్కరకొచ్చే మాట ఒకటుంది: "జాయ్". బౌద్ధుల శాకాహారానికి ఆ పేరు. చైనీస్ బౌద్ధుల్లో భక్తిపరులు చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు. మనకి ఏకాదశి ఉన్నట్టే. అందుకే "వెజిటేరియన్" అంటే అర్థం కాని పెద్దవాళ్లకి కూడా "జాయ్" అంటే చప్పున అర్థమవుతుంది. ఆ మాట తెలిసి ఉంటే అమ్మకి ఆ రోజు ఆ అవస్థ వచ్చేది కాదు. అయినా ఆకుకూర చెప్పేటప్పుడు ఆయిస్టర్ సాస్ వద్దని విడిగా చెప్పండి, అది మామూలుగా పోసేస్తారు. వెల్లుల్లి వేసి వేయించమంటే చేస్తారు. సాదా చెంగ్ ఫన్ మీద సోయా సాస్, ఆకుకూర, టీ, చివర్లో నువ్వుల ఉండ. వీటితో ఒక పూట గడుస్తుంది. విందు మాత్రం కాదు, ముందే చెబుతున్నా.

## చిన్న టీ రూమ్

శాక్రమెంటో వీధి పక్క సందులో హాంగ్ ఆ టీ రూమ్ 1920 నుంచి నడుస్తోంది. అమెరికాలో మొదటి డిమ్ సమ్ హోటల్ తమదేనని చెప్పుకుంటారు. హాలు హడావిడి లేకుండా, ముగ్గురు నలుగురు కూర్చుని, మెల్లగా అడిగి తెలుసుకుని తినాలంటే ఇలాంటి చోటు బాగుంటుంది. తిండి మాత్రమే లెక్కేస్తే పెద్ద హాల్లో దొరికినంత రకం దొరకదు. సందు, మెట్లు, పాత గోడలు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ లోటు తెలియదు.

## ఇక ఎవరు ఎక్కడికి

మొదటిసారి, ఇద్దరే, ఏదైనా తింటారు: కౌంటర్‌లో డబ్బా కట్టించుకుని పార్కుకి వెళ్లండి. దారిలో బేకరీ తెరిచి ఉంటే రెండు ఎగ్ టార్ట్‌లు. ఇంతకంటే మంచి పొద్దున్న ఆ పేటలో దొరకదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మాంసం తింటారు కానీ బీఫ్, పోర్క్ తినరు: హాలు. కాగితం పద్ధతి ఉన్నది చూసుకుని, పదిన్నరకల్లా వెళ్లండి. రొయ్య, కోడి రకాలే టిక్కు పెట్టండి. లో మాయ్ గాయ్ మాత్రం సాసేజ్ వల్ల వదిలేయాల్సిందే.

పూర్తి శాకాహారులైన పెద్దవాళ్లు: నా మాటగా చెప్పాలంటే చైనాటౌన్‌ని చూపించండి, భోజనం అక్కడ పెట్టకండి. ఇంట్లో పులిహోర తిని బయల్దేరితే అందరికీ ప్రశాంతం. రాస్ సందులో గోల్డెన్ గేట్ ఫార్చ్యూన్ కుకీ ఫ్యాక్టరీ 1962 నుంచి ఉంది. వేడి వేడి బిళ్లని చల్లారేలోపు చేత్తో మడిచి లోపల చీటీ పెట్టడం అక్కడ నిలబడి చూడొచ్చు. బౌద్ధ శాకాహార హోటల్ దొరికితే సంగతి వేరు, అక్కడ కళ్లు మూసుకుని తినొచ్చు.

పిల్లలతో: బేకరీ ముందు, హాలు తర్వాత. బన్ను చేతిలో ఉంటే లైనులో గొడవ చేయరు.

వేరుశనగ, నువ్వులు, రొయ్య పడనివాళ్లుంటే కౌంటర్ల జోలికి వెళ్లకండి. అన్నీ ఒకే పటకారుతో తీస్తారు. గోధుమ పడనివాళ్లు హా గావ్ పైపొర అద్దంలా ఉంది కదా, బియ్యప్పిండి అనుకోవద్దు. అందులో ఉండేది గోధుమ గంజిపొడి.

కారు తీసుకెళ్లొద్దు, పార్కింగ్ టెన్షన్‌తో ఆకలి చచ్చిపోతుంది. ఫ్రీమాంట్, డబ్లిన్ వైపు నుంచి వచ్చేవాళ్లు బార్ట్ రైల్లో పావెల్ స్టేషన్ దగ్గర దిగి, భూమి లోపలి దారిలోనే యూనియన్ స్క్వేర్ స్టేషన్‌కి నడిచి టీ లైన్ (T అనే అక్షరం పేరున్న మెట్రో రైలు) ఎక్కితే తర్వాతి స్టేషనే చైనాటౌన్. 2023 జనవరి నుంచి రోజూ నడుస్తోంది. సన్నీవేల్ వైపు నుంచి కాల్‌ట్రెయిన్‌లో వచ్చినా చివరి స్టేషన్ దగ్గర ఇదే టీ లైన్ దొరుకుతుంది. పైకి రాగానే స్టాక్‌టన్ వీధి.

మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటే ఎగ్ టార్ట్‌ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, పిండి గిన్నె రబ్బరవుతుంది. ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో నాలుగైదు నిమిషాలు చాలు. బావ్‌లకి ఇడ్లీ పాత్రే మేలు. రేకులు తీసేసి, చిల్లుల ప్లేటు మీద తడిబట్ట పరిచి ఆరు నిమిషాలు ఆవిరి పట్టిస్తే షాపులో ఉన్నట్టే ఉబ్బుతాయి. మా అమ్మ దానికి కూడా ఒప్పుకోలేదు, వేరే పాత్ర కొన్నాం.